స్ప్లైన్‌తో బిల్డింగ్ మోడలింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్ళ క్రితం ఒక స్కూలు ప్రాజెక్టులో అలలా మెలికలు తిరిగే కాంపౌండ్ గోడ గీశాను. స్క్రీన్ మీద ముచ్చటగా ఉంది. ప్రింట్ తీసి సైట్‌కి పంపాం. మర్నాడు పొద్దున ఏడింటికే మేస్త్రీ ఫోన్ చేశాడు. "సార్, సెంటర్ ఎక్కడ పెట్టమంటారు?"

నా దగ్గర జవాబు లేదు. గీసింది స్ప్లైన్‌తో, దానికి సెంటర్ ఉండదు. కింది ప్రశ్నల్లో చాలావరకు ఆ ఫోన్ తర్వాత నాకు నేను వేసుకున్నవి. మిగతావి ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అడిగినవి. కంప్యూటర్లో బిల్డింగులు గీయడానికి మేం రోజూ వాడే సాఫ్ట్‌వేర్లు రెవిట్, ఆటోక్యాడ్, రైనో, అప్పుడప్పుడు ఆర్కీక్యాడ్. ఉదాహరణలు కూడా వాటిలోంచే ఇస్తున్నాను.

స్ప్లైన్ అంటే అసలేమిటి? ఆర్క్ గీస్తే సరిపోదా?

ఆర్క్ అంటే వృత్తంలో ఒక ముక్క, దానికి ఒకే సెంటరు, ఒకే రేడియస్. మొదటి నుంచి చివరి దాకా వంపు మారదు. స్ప్లైన్‌లో వంపు అడుగడుగునా మారుతుంది. ఇక్కడ 4 మీటర్ల రేడియస్‌లా ఉన్నది అర మీటరు జరిగేసరికి 6 అవుతుంది, ఇంకాస్త పోతే దాదాపు తిన్నగా సాగి రెండో వైపుకి తిరుగుతుంది.

ఆ పేరు ఓడలు కట్టేవాళ్ళ దగ్గర నుంచి వచ్చింది. ఓడ పొట్ట ఆకారాన్ని నేల మీద అసలు సైజులోనే గీసుకునేవాళ్ళు. సన్నటి చెక్క బద్దను తీసుకుని, కావలసిన చోట్ల సీసపు బరువులు పెట్టి ఆపితే మధ్యలో అది తనంతట తాను నున్నగా వంగుతుంది. ఆ బద్దనే స్ప్లైన్ అనేవాళ్ళు. ఆ బరువులకి పెట్టుకున్న పేరు బాతులు. గాలిపటానికి వెదురు ఈనె వంచినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఈనె ఒక్కచోట మడత పడకుండా వంపుని పొడుగునా పంచుకుంటుంది.

ఈ మాటను 1946లో గణితంలోకి తెచ్చినవాడు ఐజాక్ షోన్‌బర్గ్. ఆ తర్వాత కార్ల బాడీలు గీయడానికి ఫ్రాన్స్‌లో ఇద్దరు విడివిడిగా దాదాపు ఒకే పద్ధతి కనిపెట్టారు. సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో 1959లోనే మొదలుపెట్టాడు కానీ కంపెనీ దాన్ని బయటికి రానివ్వలేదు. రెనోలో పనిచేసిన పియర్ బెజియే ప్రచురించాడు కాబట్టి వంపు గీతకి ఆయన పేరే మిగిలింది. మనం సాఫ్ట్‌వేర్‌లో చూసే నర్బ్స్ ఆ కుటుంబంలోదే. అందులో ఒక్కో పాయింటుకి బరువు కూడా ఇవ్వొచ్చు, అందుకే మామూలు బెజియే గీత దగ్గరదాకా వచ్చి ఆగిపోయే అచ్చమైన వృత్తాన్ని కూడా నర్బ్స్ గీయగలదు.

ఆటోక్యాడ్‌లో ఫిట్ అనీ సీవీ అనీ రెండు పద్ధతులున్నాయి. ఏది వాడాలి?

ముగ్గులు గుర్తు తెచ్చుకోండి. చుక్కల్ని కలుపుతూ వేసే ముగ్గులో గీత ప్రతి చుక్క మీదుగా పోతుంది. మెలికల ముగ్గులో చుక్కల్ని తాకకుండా వాటి పక్కనుంచి చుట్టుకుంటూ పోతుంది. ఫిట్ పాయింట్లు మొదటి రకం, గీత వాటి గుండానే పోవాలి. సీవీ అంటే కంట్రోల్ పాయింట్లు, అవి రెండో రకానికి దగ్గర. రెండు చివర్లు తప్ప మిగతావి గీతను తమ వైపు లాగుతాయి, అంతే.

గోడ ఒక కాలమ్ పక్కనుంచీ, ఒక చెట్టు ముందునుంచీ కచ్చితంగా పోవాలి అంటే ఫిట్ తీసుకోండి. ఆకారం నున్నగా ఉండటమే ముఖ్యం అనుకుంటే కంట్రోల్ పాయింట్లు. నేను ఎక్కువగా రెండోదే వాడతాను. ఫిట్‌లో రెండు పాయింట్లు దగ్గరదగ్గరగా పడ్డాయంటే గీత పక్కకి ఉబికి కప్పని మింగిన పాములా కనిపిస్తుంది.

రెవిట్ స్కెచ్‌లో ఉండే స్ప్లైన్ కంట్రోల్ పాయింట్ల రకం. కాన్సెప్చువల్ మాస్‌లోకి (గోడలు, ఫ్లోర్లు లేకుండా ఉత్త ముద్ద ఆకారం చేసుకునే చోటు) వెళ్తే పాయింట్ల గుండా పోయే స్ప్లైన్ కూడా దొరుకుతుంది. రైనోలో కర్వ్ కమాండ్ ఒకటి, ఇంటర్‌పోలేట్ చేసేది ఇంకొకటి.

ఎన్ని పాయింట్లు పెట్టాలి?

మీరు అనుకున్నదానికంటే తక్కువ. ఒక్కో ఉబ్బుకి మూడు నాలుగు చాలు. గీత ఎత్తుపల్లాలుగా ఉందని మధ్యలో ఇంకో పాయింటు చేర్చి సరిచేద్దామని చూస్తారు, అది రెండు గతుకులుగా మారుతుంది. పాయింటు చేర్చే ముందు ఒకటి తీసేసి చూడండి.

డిగ్రీ అని అడుగుతోంది. ఎంత ఇవ్వాలి?

3. డిగ్రీ అంటే గీత వెనకున్న సమీకరణం ఘాతం. భవనాల పనికి దాన్ని మార్చాల్సిన అవసరం నాకు పెద్దగా రాలేదు. డిగ్రీ 3కి కనీసం నాలుగు కంట్రోల్ పాయింట్లు కావాలి. 1 ఇస్తే పాయింట్ల మధ్య తిన్నటి గీతలే వస్తాయి. కార్ల వాళ్ళు 5 వాడుకుంటారు, ప్లాస్టరు వేసే గోడకి అంత హంగు అక్కర్లేదు.

రెవిట్‌లో గోడ టూల్ తీసుకుంటే స్ప్లైన్ గుర్తే కనిపించడం లేదు. నా ఇన్‌స్టాలేషన్‌లో ఏమైనా తేడా ఉందా?

ఏ తేడా లేదు, అది రెవిట్ పద్ధతి. గోడకి లైను, ఆర్క్ లాంటివి ఇస్తుంది, స్ప్లైన్ ఇవ్వదు. ఫ్లోర్ స్కెచ్‌లో మాత్రం స్ప్లైన్ ఉంటుంది. ఎక్స్‌ట్రూజన్‌తో చేసే రూఫ్ ప్రొఫైల్‌లోనూ ఉంటుంది. మోడల్ లైన్లలోనూ ఉంటుంది. కాబట్టి స్లాబ్ అంచు స్ప్లైన్‌లో గీసేసి, దాని మీద గోడ పెట్టబోయినప్పుడు చాలామందికి ఈ ప్రశ్న వస్తుంది.

తప్పదనుకుంటే దారి ఉంది. ఇన్‌ప్లేస్ మాస్ తెరవండి, స్ప్లైన్ మోడల్ లైను గీయండి, దాన్ని ఎంచుకుని ఫార్మ్‌గా పైకి లేపండి, మాస్ ముగించండి. ఆ ముఖం మీద వాల్ బై ఫేస్‌తో గోడ వేయండి. గాజు కావాలంటే కర్టెన్ సిస్టమ్ వేయండి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. తర్వాత మాస్ ఆకారం మార్చినా గోడ తనంతట తాను కదలదు. గోడను ఎంచుకుని అప్‌డేట్ టు ఫేస్ నొక్కాలి. ఇది మర్చిపోయి, ఆర్కిటెక్ట్ ఆమోదించిన కొత్త వంపు ఒకచోట, పాత గోడ ఇంకోచోట ఉన్న షీట్లు బయటికి పోయిన సందర్భాలు నాకు తెలుసు.

ఇంకో చిన్న సంగతి. ఒకే స్ప్లైన్‌ని తిప్పి దాని మొదటికే కలిపి మూసేద్దామంటే రెవిట్ ఒప్పుకోదు. సగం ఒక స్ప్లైన్, మిగతా సగం ఇంకో స్ప్లైన్ గీయాలి. స్విమ్మింగ్ పూల్ గీసేవాళ్ళు మొదట ఆగేది ఇక్కడే.

ఆర్కీక్యాడ్‌లో?

స్ప్లైన్ టూల్‌లో మూడు రకాలు ఉంటాయి: నేచురల్, బెజియే, ఫ్రీహ్యాండ్. గోడ కావాలంటే గోడ టూల్ తీసుకుని స్పేస్ నొక్కి పట్టుకుని స్ప్లైన్ మీద క్లిక్ చేయండి. మేజిక్ వాండ్ దాని వెంట వరసగా గోడలు పేర్చేస్తుంది. అవి ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఎంత సన్నటి ముక్కలు కావాలో మేజిక్ వాండ్ సెట్టింగుల్లో ముందే చెప్పుకోండి, లేకపోతే తర్వాత ఏరుకోవాల్సి వస్తుంది.

స్కెచప్‌లో?

అక్కడ నిజమైన వంపు గీతే లేదు. వృత్తంతో సహా అన్నీ చిన్న చిన్న తిన్నటి ముక్కలే. క్లయింటుకి చూపించడానికి బాగుంటుంది, కొలతలు దాంట్లోంచి తీయకండి.

స్ప్లైన్‌ని పాలీలైన్ చేసేస్తే పనైపోదా? ఆటోక్యాడ్‌లో ఒక్క కమాండే కదా?

కమాండ్ ఒక్కటే. స్ప్లైన్‌ఎడిట్‌లో కన్వర్ట్ టు పాలీలైన్ ఎంచుకుంటే 0 నుంచి 99 మధ్య ప్రెసిషన్ అడుగుతుంది, ఏమీ చెప్పకపోతే 10 తీసుకుంటుంది. ఎక్కువ ఇస్తే మంచిదే కదా అని నేను ఒకసారి 99 కొట్టాను. నలభై మీటర్ల గోడ లెక్కపెట్టలేనన్ని ముక్కలైంది. దాన్ని రెవిట్‌లోకి తెచ్చి పిక్ లైన్స్‌తో గోడలు వేయబోతే ప్రతి ముక్కా ఒక గోడ. రెవిట్ సుమారు 0.8 మిల్లీమీటర్ల కన్నా పొట్టి గీతని ఒప్పుకోదు, వరసగా ఎర్రర్లు వచ్చాయి. సాయంత్రం ఆరింటికి సబ్మిషన్. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ప్లైన్‌కన్వర్ట్‌మోడ్ అనే వేరియబుల్‌ని 1 చేస్తే తిన్నటి ముక్కలకు బదులు ఆర్క్‌లు వస్తాయి. కొంచెం నయం. రైనోలో కన్వర్ట్ కమాండ్‌కి అవుట్‌పుట్ ఆర్క్‌లు అని చెప్పొచ్చు. రెవిట్‌తో కలిపి వాడే డైనమోలో కూడా ఆర్క్‌లు, లైన్లతో స్ప్లైన్‌కి దగ్గరగా తెచ్చే నోడ్ ఉంది. కానీ యంత్రం చేసిన ఆర్క్‌ల రేడియస్‌లు 4873.216, 5120.884 ఇలా ఉంటాయి. గీత మీద చక్కగా కూర్చుంటాయి, మేస్త్రీకి మాత్రం పనికిరావు. పురికొస కొలిచి పట్టుకోవడానికి 4.9 మీటర్లు అనాలి, 5 మీటర్లంటే ఇంకా మేలు.

మరి సైట్‌కి పనికొచ్చేలా ఆర్క్‌లుగా మార్చడం ఎలా?

చేత్తో. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతామనుకునేవాళ్ళు ఇది చదవండి.

ముందు స్ప్లైన్‌ని ఒక లేయర్‌లో పెట్టి లాక్ చేయండి, బూడిద రంగు ఇవ్వండి. అది ఇక నమూనా మాత్రమే. గీత ఎక్కడ ఒక వైపు వంపు వదిలి రెండో వైపుకి తిరుగుతోందో ఆ చోట్లు గుర్తు పెట్టుకోండి. రైనోలో కర్వేచర్ గ్రాఫ్ వేస్తే ఆ చోట్ల గ్రాఫ్ సున్నాకి దిగుతుంది, వెతుక్కోనక్కర్లేదు. ఇప్పుడు రెండు గుర్తుల మధ్య ఉన్న ప్రతి ఉబ్బుకీ ఒక ఆర్క్ వేయండి. ఒకటి సరిపోకపోతే రెండు, అంతకుమించి వద్దు. రేడియస్‌ని 100 మి.మీ. గుణిజానికి సరిచేయండి. పక్క ఆర్క్ కొంచెం జరుగుతుంది, జరగనివ్వండి. అసలు స్ప్లైన్‌కీ మీ ఆర్క్‌లకీ మధ్య ఎక్కడైనా గరిష్ఠంగా ఎంత తేడా వచ్చిందో కొలిచి ఆర్కిటెక్ట్‌కి చెప్పండి. ఇరవై ముప్పై మిల్లీమీటర్లు అంటే ఎవరూ అడ్డు చెప్పిన గుర్తు లేదు.

రెండు ఆర్క్‌లు కలిసే చోట కోణం రాకూడదంటే గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. రెండు సెంటర్లూ, కలిసే బిందువూ ఒకే తిన్నటి గీత మీద ఉండాలి.

నేను మొదట చెప్పిన స్కూలు గోడ చివరికి ఎలా తేలిందో చూడండి. గేటు నుంచి మూల దాకా ఒక పురికొస కట్టించాం. దాని మీద ప్రతి 6 మీటర్లకి ఒక మేకు. ఒక్కో 6 మీటర్ల మధ్య ఒక ఆర్క్, రేడియస్ 5 మీటర్లు. ఒకటి రోడ్డు వైపు ఉబ్బితే తర్వాతది గ్రౌండు వైపు. సగం పొడుగు 3, రేడియస్ 5 కాబట్టి సెంటర్ పురికొసకి సరిగ్గా 4 మీటర్ల దూరంలో పడుతుంది. మూలమట్టం చూడటానికి ప్రతి మేస్త్రీ వాడే 3, 4, 5 లెక్కే. ఉబ్బు 5 లోంచి 4 తీసేస్తే 1 మీటరు. ఈ లెక్క చెప్పగానే మేస్త్రీ మొహం విప్పారింది, నా డ్రాయింగ్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కానీ ఒక చిక్కు వచ్చింది. సగం సెంటర్లు రోడ్డు మీద పడ్డాయి, లారీలు తిరిగే చోట మేకు కొట్టలేం. అక్కడ పురికొస నుంచే కొలతలు ఇచ్చాం. మధ్యలో 1000 మి.మీ., మధ్య నుంచి అర మీటరు జరిగితే 975, ఒక మీటరుకి 899, ఒకటిన్నరకి 770, రెండుకి 583, రెండున్నరకి 330, మేకు దగ్గర సున్నా. ఆ చుక్కలు పెట్టి, సన్నటి ఇనుప చువ్వ వాటి వెంట వంచి, పక్కన సున్నంతో గీత లాగారు. అంటే చివరికి సైట్‌లో వంచింది ఓడల వాళ్ళ స్ప్లైన్‌నే.

ఇలా మార్చేస్తే డిజైన్ చెడిపోదా? పెద్ద ఆర్కిటెక్ట్‌లు ఒప్పుకుంటారా?

సిడ్నీ ఒపేరా హౌస్ కథ చూడండి. 1957లో యోర్న్ ఉట్జన్ గీసి గెలిచిన డ్రాయింగ్‌లో ఆ తెరచాపల్లాంటి పెంకులకి నిర్దిష్టమైన జ్యామితి లేదు. ఇంజనీర్లు ఏళ్ళ తరబడి పారాబోలాలు, ఎలిప్సాయిడ్లు ప్రయత్నించారు. ప్రతి ముక్కా వేరే ఆకారం కావడంతో ఖర్చు అందలేదు. చివరికి 1961లో దొరికిన దారి ఏమిటంటే అన్ని పెంకుల్నీ ఒకే గోళం మీంచి కోయడం. దాని రేడియస్ సుమారు 75 మీటర్లు. అప్పుడు పక్కటెముకల్ని ఒకే రకం అచ్చుల్లో పోత పోయగలిగారు. 1973లో తెరిచారు. ఒరిజినల్ గీత కన్నా ఇప్పుడున్నదే నిటారుగా, గట్టిగా ఉందని నా అభిప్రాయం.

ఢిల్లీలో 1986లో పూర్తయిన లోటస్ టెంపుల్ కూడా అంతే. 27 రేకులు, చూస్తే చేత్తో మలిచినట్టుంటాయి. లోపల ఉన్నవి గోళాలు, టోరాయిడ్లు (గారె ఆకారాలు), శంకువుల భాగాలు.

అందరూ ఇలా చేయాలని కాదు. 1997 నాటి బిల్బావో గుగెన్‌హైమ్‌కి ఫ్రాంక్ గెరీ ఆఫీసు విమానాల డిజైన్‌కి వాడే కాటియా తెచ్చుకుంది. బాకూలో జహా హదీద్ చేసిన హైదర్ అలియేవ్ సెంటర్‌లోనూ స్వేచ్ఛగా వంగిన ఉపరితలాన్ని అలాగే ఉంచారు. అక్కడ ముక్కల్ని మోడల్‌లోంచి నేరుగా ఫ్యాక్టరీలో తయారు చేస్తారు, అంత బడ్జెట్ ఉంటుంది. మీ సైట్‌లో ఇటుక, ప్లైవుడ్, పురికొస ఉంటే మీది సిడ్నీ దారి.

ఆర్క్‌లు కలిసే చోట కంటికి తెలుస్తుందా?

ప్లాస్టరు గోడ మీద తెలియదు. మెరిసే గాజు, అల్యూమినియం ప్యానెల్ మీద తెలుస్తుంది.

కారణం ఇది. ఆర్క్‌లు నున్నగా కలిస్తే దిశ తెగదు కానీ వంపు మాత్రం ఒక్కసారిగా మారుతుంది, 5 మీటర్ల రేడియస్ నుంచి 8కి దూకుతుంది. దిశ కలవడాన్ని జీ1 అంటారు, వంపు కూడా కలిస్తే జీ2. డిగ్రీ 3 స్ప్లైన్ లోపల మామూలుగా జీ2 ఉంటుంది, అదే దాని అందం. గాజులో ఎదుటి బిల్డింగు ప్రతిబింబం ఆ కీలు దగ్గర చటుక్కున విరుగుతుంది. రైనోలో ఉపరితలం మీద చారలు చూపించే జీబ్రా వేసి చూస్తే చారలు కీలు దగ్గర మెలిక పడతాయి. హైవే మలుపుల్లో, రైలు పట్టాల్లో తిన్నటి భాగానికీ ఆర్క్‌కీ మధ్య ట్రాన్సిషన్ కర్వ్ పెట్టేది కూడా ఈ దూకుడు తగ్గించడానికే. లేకపోతే ప్రయాణికుడు పక్కకి ఒరిగిపోతాడు. గోడ మీద ఎవరూ అరవై స్పీడులో పోరు కాబట్టి మనకి జీ1 చాలు.

స్ప్లైన్‌ని 230 మి.మీ. ఆఫ్‌సెట్ చేస్తే (అంతే దూరంలో పక్కన ఇంకో గీత వేస్తే) లోపలి గీత ముడి పడుతోంది. ఎందుకు?

ఎక్కడో ఒకచోట వంపు రేడియస్ 230 కన్నా తక్కువ ఉంది. లోపలికి జరిపితే రేడియస్ ఆ మేరకు తగ్గుతుంది, సున్నా దాటితే గీత తన మీద తానే మెలిక పడుతుంది. రైనోలో కర్వేచర్ కమాండ్‌తో బిగువైన చోట రేడియస్ చూసుకోండి.

ఇంకోటి కూడా ఉంది. స్ప్లైన్ ఆఫ్‌సెట్ మళ్ళీ అదే రకం స్ప్లైన్ అవ్వదు. సాఫ్ట్‌వేర్ దగ్గరదగ్గరగా ఇంకో గీత తయారుచేస్తుంది, దాంట్లో పాయింట్లు విపరీతంగా పెరుగుతాయి. ఆఫ్‌సెట్‌కి ఆఫ్‌సెట్ చేసుకుంటూ పోతే నాలుగోసారికి ఫైలు మూలుగుతుంది. ఎప్పుడూ మొదటి గీత నుంచే చేయండి. ఆర్క్ అయితే ఈ బెడద లేదు, ఆర్క్ ఆఫ్‌సెట్ ఎప్పుడూ ఆర్కే.

ఇటుక గోడ ఎంత రేడియస్ దాకా వంగుతుంది?

230 మి.మీ. ఇటుక తిన్నగా ఉంటుంది, గీత వంగుతుంది. ఆ మధ్య సందు ఎంతో తెలియాలంటే పొడుగుని పొడుగుతో గుణించి, రేడియస్‌కి ఎనిమిది రెట్లతో భాగించండి. 5 మీటర్ల రేడియస్‌కి 1.3 మి.మీ. వస్తుంది, ప్లాస్టరులో కలిసిపోతుంది. 1 మీటరు రేడియస్‌కి 6.6 మి.మీ. అసలు ఇబ్బంది సందుతో కాదు, జాయింట్లతో. నాలుగున్నర అంగుళాల గోడ 1 మీటరు రేడియస్‌లో తిరిగితే లోపలి జాయింటుకీ బయటి జాయింటుకీ దాదాపు 27 మి.మీ. తేడా వస్తుంది. ఇటుకలు కొట్టాలి, లేదా నిలువుగా పేర్చాలి. 5 మీటర్ల దగ్గర ఆ తేడా ఐదారు మిల్లీమీటర్లే, మేస్త్రీ కరణెతోనే సర్దేస్తాడు.

అలల గోడకి ఒక లాభం కూడా ఉంది. వంపు వల్లే గోడ పడకుండా నిలబడుతుంది కాబట్టి సన్నగా కట్టొచ్చు. ఇంగ్లండ్‌లో సఫోక్ వైపు, అమెరికాలో జెఫర్సన్ వేయించిన వర్జీనియా యూనివర్సిటీ తోటల్లో ఒకే ఇటుక మందంతో ఇలాంటి గోడలున్నాయి. పైన చెప్పిన 6 మీటర్ల ముక్కలో గోడ పొడుగు 6.435 మీటర్లు, అంటే ఏడు శాతం ఎక్కువ. మందం సగమైతే ఇటుకలు మిగిలినట్టే. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా మాత్రం సన్నబరచకండి. మన ఊళ్ళలో రెండు వందల గజాల ప్లాటుకి దీన్ని తలపెట్టకండి కూడా. ఉబ్బు పక్కవాళ్ళ స్థలంలోకి పోతే ఇటుకల్లో మిగిలింది కోర్టులో పోతుంది.

గాజు ప్యానెళ్ళు అన్నీ ఒకే వెడల్పు రావాలి. స్ప్లైన్‌ని సమానంగా భాగిస్తే ఎందుకు రావడం లేదు?

మీరు గీత వెంట పొడుగుని భాగించారు. ప్యానెల్ గీత వెంట పోదు, రెండు బిందువుల మధ్య తిన్నగా పోతుంది. వంపు ఎక్కువ ఉన్నచోట ఆ తిన్నటి దూరం తగ్గుతుంది. రెవిట్ డివైడ్ పాత్‌లో కొలత రకం కార్డ్ లెంగ్త్ అని మార్చండి. రైనోలో ఉండే గ్రాస్‌హాపర్‌లో డివైడ్ డిస్టెన్స్ వాడండి. చివర్లో ఒక పొట్టి ముక్క మిగులుతుంది, దాన్ని కాలమ్ వెనక దాచడం మీ తెలివి.

10 మీటర్ల రేడియస్ మీద 1.2 మీటర్ల తిన్నటి గాజు పెడితే గీతకీ గాజుకీ మధ్య 18 మి.మీ. సందు వస్తుంది, పక్క ప్యానెల్‌తో సుమారు 7 డిగ్రీల కోణం. మలియన్ (ప్యానెళ్ళ మధ్య నిలువు ఫ్రేము) అంత కోణం తీసుకుంటుందా అని సప్లయర్‌ని ముందే అడగండి.

డైనమోలో పారామీటర్ 0.5 ఇస్తే గీత సరిగ్గా మధ్యలోకి రావడం లేదు.

రాదు. పారామీటర్ అంటే గీత మొదలు 0, చివర 1 అనుకుని మధ్యలో చోటు చెప్పే అంకె, పొడుగు కాదు. కంట్రోల్ పాయింట్లు ఒకవైపు గుమిగూడి ఉంటే పారామీటర్ కూడా అటే ఒరుగుతుంది. పాయింట్ ఎట్ సెగ్మెంట్ లెంగ్త్ నోడ్ వాడి, మొత్తం పొడుగులో సగం ఇవ్వండి.

సర్వే వాళ్ళ డ్రాయింగ్‌లోంచి తెచ్చిన స్ప్లైన్ రెవిట్‌లో వణుకుతోంది, గీత మెట్లు మెట్లుగా కనిపిస్తోంది.

నిర్దేశాంకాలు చూడండి. హైదరాబాద్ సర్వే యూటీఎమ్‌లో (భూమి మీద చోటుని మీటర్లలో చెప్పే పద్ధతి) ఉంటే ఈస్టింగ్ రెండు లక్షల ముప్పై వేల మీటర్ల చుట్టూ, నార్తింగ్ పంతొమ్మిది లక్షల పైన ఉంటుంది. అంత దూరంలో ఉన్న గీతను రెవిట్ సరిగ్గా పట్టుకోలేదు. ఆటోక్యాడ్‌లో ముందు ఒక తెలిసిన రాయినో మూలనో సున్నాకి తెచ్చి, ఎంత జరిపారో రాసిపెట్టుకుని, అప్పుడు లింక్ చేయండి. అసలు నిర్దేశాంకాలు షేర్డ్ కోఆర్డినేట్స్‌లో ఇచ్చుకోవచ్చు.

అలాగే సర్వే ఫైలులో గీత పాయింట్లకి ఎత్తులు కూడా ఉంటాయి. పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది, పక్కనుంచి చూస్తే కొండచిలువ. ఎత్తులన్నీ సున్నా చేసే ఫ్లాటెన్ కమాండ్ కొట్టాక తీసుకోండి.

ఐఎఫ్‌సీలో పంపితే స్ప్లైన్ అలాగే పోతుందా?

ఐఎఫ్‌సీ అంటే ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మోడల్ పంపుకునే ఫార్మాట్. ఐఎఫ్‌సీ4లో బీ-స్ప్లైన్ గీతలకీ ఉపరితలాలకీ చోటుంది. కానీ ఎక్స్‌పోర్ట్ ఎలా చేశారన్న దాని మీద ఆధారపడుతుంది. రిఫరెన్స్ వ్యూలో చాలాసార్లు త్రిభుజాల జల్లెడగా పోతుంది. అవతలివాళ్ళు దాన్ని చూడగలరు, మార్చలేరు. నేనైతే ఐఎఫ్‌సీతో పాటు గీతను విడిగా ఆటోక్యాడ్ ఫైలు డీడబ్ల్యూజీలో కూడా పంపుతాను. డీఎక్స్‌ఎఫ్ పంపాల్సి వస్తే ఆర్12 ఎంచుకోకండి. ఆ ఫార్మాట్‌కి స్ప్లైన్ అంటే తెలియదు, అన్నీ పాలీలైన్లు చేసేస్తుంది.

బిల్లులో వంపు గోడని ఎలా కొలవాలి?

మధ్య గీత పొడుగు. లోపలి ముఖం తీసుకుంటే కాంట్రాక్టరు ఒప్పుకోడు, బయటి ముఖం తీసుకుంటే క్లయింటు ఒప్పుకోడు. గుండ్రటి సెంట్రింగ్‌కి మామూలు దానికంటే ఎక్కువ రేటు ఉంటుంది కాబట్టి తిన్నటి భాగం, వంపు భాగం షెడ్యూల్‌లో విడివిడిగా వచ్చేలా రెండు వేర్వేరు వాల్ టైపులు పెట్టుకోండి. ఈ పని మోడల్ మొదలుపెట్టిన రోజే చేయాలి, బిల్లు రోజున కాదు.

సైట్‌కి ఇచ్చే షీట్‌లో స్ప్లైన్‌కి డైమెన్షన్ ఎలా వేయాలి? రేడియస్ టూల్ పట్టుకోవడం లేదు.

పట్టుకోదు, ఏ రేడియస్ అని చూపిస్తుంది పాపం. ఆర్క్‌లుగా మార్చి ఉంటే ప్రతి ఆర్క్‌కీ రేడియస్, సెంటర్ గుర్తు, కలిసే బిందువులు వేయండి. అన్నిటికీ మూలమైన బేస్‌లైన్ రెండు కదలని వస్తువుల నుంచి కొలిచి చూపించండి. గేటు పిల్లర్, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె లాంటివి. చెట్టు వద్దు, ఒక ప్రాజెక్టులో కొట్టేశారు.

స్ప్లైన్‌గానే ఉంచాల్సి వస్తే బేస్‌లైన్ నుంచి అర మీటరుకొక ఆఫ్‌సెట్ కొలతతో పట్టిక ఇవ్వండి. టోటల్ స్టేషన్ (సర్వే యంత్రం) ఉన్న సైట్ అయితే అవే బిందువులు ఎక్సెల్‌లో. అంకెలు పెద్దగా, మిల్లీమీటర్లలో, దశాంశాలు లేకుండా వేయండి. ఆ షీట్ ఏ3లో ప్రింట్ తీసి లామినేట్ చేయించి పంపండి. మామూలు కాగితం పంపితే రెండో రోజుకల్లా సిమెంటు నీళ్ళలో నానిపోయి 583 కాస్తా 533లా కనిపిస్తుంది.